చర్చ: సువాసన కోసం ఏరుకుంటూ లావెండర్‌ను తెగుళ్లకు అప్పగించామా?

వనరేఖ:
నా ఉద్దేశంలో అప్పగించాం. అత్తరు తయారీకి తియ్యని సువాసననిచ్చే లినలైల్ ఎసిటేట్ ఎక్కువగా, కర్పూరం తక్కువగా ఉన్న నూనె కావాలి. మొక్కల్నీ ఆ లెక్కనే ఏరుకున్నాం. కర్పూరం, సినియోల్ లాంటి ఘాటైన పదార్థాలు మొక్కకు ఆయుధాలు. స్టోల్బర్ ఫైటోప్లాస్మా అనే కణకవచం లేని బ్యాక్టీరియా సోకి అసలు లావెండర్ ఎండిపోతుంటే, కర్పూరం ఘాటున్న గ్రోసో నిలబడింది. అది లావండిన్ రకం, అంటే అసలు లావెండర్‌కూ స్పైక్ లావెండర్‌కూ పుట్టిన సంకరం. ఇంతకంటే ఏం కావాలి?

కణజాలం:
వనరేఖ గారూ, అబ్రియల్‌ను వదిలేశారు. అదీ లావండినే. దాని నూనెలో కర్పూరం గ్రోసో కంటే తక్కువేమీ కాదు. అయినా ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ చేలల్లో కూలిపోయింది అదే. 1970ల నుంచి గ్రోసో దాని చోటు తీసుకుంది.

ఇంకోటి. నూనె ఉండేది పూల రక్షకపత్రాల మీది గ్రంథి కేశాల్లో. ఫైటోప్లాస్మా ఉండేది మొక్కలో ఆహారాన్ని మోసే ఫ్లోయమ్ నాళాల లోపల. రసం పీల్చే హయలెస్థిస్ పురుగు దాన్ని నేరుగా అక్కడికే చేరుస్తుంది. ఆ నూనె దీన్ని తాకేదెక్కడ?

తావి:
తాకక్కర్లేదండీ, రెండింటినీ నడిపే మీట ఒకటైతే చాలు. పురుగు కొరికితే మొక్క రక్షణ హార్మోన్ అయిన జాస్మోనిక్ ఆమ్లం పెరుగుతుంది, అడ్డుకట్టలా ఉండే జాజ్ ప్రోటీన్లు విచ్ఛిన్నమవుతాయి, జన్యువులను పనిచేయించే ఎమ్‌వైసీ ప్రోటీన్లు విడుదలవుతాయి. అప్పుడు రక్షణ జన్యువులతోపాటు టెర్పీన్ల (కర్పూరం, లినలూల్ లాంటి వాసన పదార్థాల) తయారీ కూడా ఊపందుకుంటుంది. ఆస్టర్ ఎల్లోస్ అనే మరో ఫైటోప్లాస్మా వదిలే సాప్11 ప్రోటీన్, ప్రయోగశాలల్లో వాడే ఆరబిడాప్సిస్ మొక్కలో జాస్మోనిక్ ఆమ్లాన్నే తగ్గిస్తుంది, ఆ మొక్క మీద పురుగు సంతానం పెరుగుతుంది. స్టోల్బర్ లావెండర్‌లో ఇదే చేస్తోందని నేననను. వెతకాల్సిన చోటు మాత్రం ఇదే.

వనరేఖ:
మరి నేనన్నదీ అదేగా! వాసన మార్చితే రక్షణా కదులుతుంది.

కణజాలం:
అలా తేలదు. ఆ మీట పెరిగితే మొత్తం టెర్పీన్లు పెరగొచ్చు. ఏది ఎంతన్నది మాత్రం చివరి ఎంజైముల చేతిలో ఉంటుంది. లినలూల్‌కు ఎసిటైల్ తగిలించే ఎంజైము చురుకైతే లినలైల్ ఎసిటేట్ పెరుగుతుంది. అందుకు పై మీట చెడాల్సిన పనిలేదు.

నన్ను బాధపెట్టేది వేరే. లావండిన్ విత్తనం కట్టదు. కొమ్మలు నాటుతూ ఒకే జన్యురూపంతో చేలకు చేలు నింపారు. ఒకటి పడితే అన్నీ పడ్డాయి. పైగా సంతానమే లేకపోతే ఘాటూ నిరోధమూ విడివిడిగా సంక్రమిస్తాయో లేదో ఎలా చూస్తాం? అసలు లావెండర్‌కు విత్తనం వస్తుంది, దాని జన్యుక్రమం 2021లో ప్రచురితమైంది. అందులో సంకరాలు చేసి చూడాలి. కర్పూరం తక్కువగా ఉండి కూడా తట్టుకునే మొక్కలు దొరికితే మీ వాదన నిలవదు.

వనరేఖ:
సంకరాలు చేద్దాం, సరే. కానీ పరీక్ష రెండు రకాలుగా జరగాలి. చేలో బతికిన మొక్క పురుగును దగ్గరికి రానివ్వక బతికిందో, రోగాన్నే తట్టుకుందో తెలియదు. రోగమున్న కొమ్మను అంటుకడితే పురుగు ప్రమేయం ఉండదు. అంటులో ఓడిపోయి చేలో నిలిచిన మొక్కలుంటే, అవి పురుగును దూరం పెట్టి బతికినవి కావచ్చు; వాటి వాసనను ముందు విశ్లేషించండి. నా వాదన తేలేది అక్కడే.