చెక్ దేశపు పద్ధతిలో గాజు పోత: మూడో రోజు మెడ దగ్గర చీలింది, ఎందుకు?

బనశంకరి_బట్టీ:
బెంగళూరులో ఉంటాను. చెక్ గాజు శిల్పి జ్దెన్యెక్ ల్హోత్‌స్కీ శిల్పాలు చూసి, అచ్చులోనే గాజు కరిగించి ఓ తల పోశాను. కిటికీ అద్దం ముక్కలు, ప్లాస్టర్-సిలికా అచ్చు, 840 డిగ్రీలు. తల 5 సెం.మీ. మందం, మెడ 2. రాత్రి కిల్న్ (బట్టీ) ఆపి పొద్దున తీశాను. మూడో రోజు మెడ అడ్డంగా చీలింది. పైన తెల్లటి పొర కూడా ఉంది. తప్పు గాజుదా, నాదా?

గాజుముక్క:
చల్లార్చడంలోనే తప్పండీ. ల్హోత్‌స్కీ గురువు లిబెన్‌స్కీ, ఆయన భార్య బ్రిఖ్తోవా చేసిన శిల్పాల్లో గాజు ఒకే రంగు. పలచన చోట లేతగా, మందం చోట చిక్కగా కనిపిస్తుంది. ఆ అందం తెచ్చే మందాల తేడాయే ముక్కను చీలుస్తుంది. మెడ ముందే గట్టిపడుతుంది, తల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ బిగువు లోపలే ఉండిపోయి రెండు మూడు రోజులకు బయటపడుతుంది.

మందం రెట్టింపైతే చల్లార్చే ముందు ఒకే వేడిలో నిలిపే సమయం రెట్టింపు, చల్లార్చే వేగం నాలుగో వంతు. మందాలు సమంగా లేవు గనక 5ని 10 అనుకుని లెక్క వేయండి. కిటికీ గాజుకు 545 డిగ్రీల దగ్గర 16 గంటలు నిలపాలి. అక్కడి నుంచి 490 దాకా గంటకు 1 డిగ్రీ లోపే, 435 దాకా 1.7, ఆ తర్వాత 5.6. మొత్తం వారం దాటుతుంది. ఓపిక లేకపోతే మందమే తగ్గించుకోండి.

మూసపోత:
అద్దం ముక్కల్లో ఒక్క సీసా పెంకు కలిసినా ఎన్ని రోజులు చల్లార్చినా లాభం లేదు, వేడికి వ్యాకోచించే తీరు వేరు. తెల్లపొర 700-800 మధ్య ఎక్కువసేపు ఉంచినందువల్ల వస్తుంది. కిటికీ గాజుకు ఈ జబ్బు ఎక్కువే. 840 నుంచి 545కి ఆలస్యం చేయకుండా దింపండి. అచ్చుకు ప్లాస్టర్, సిలికా, నీళ్లు మూడూ సమాన బరువు. గాజు ఎంత కావాలంటే, అచ్చులో పట్టే నీళ్లను మిల్లీలీటర్లలో కొలిచి 2.5తో గుణించండి, గ్రాములు వస్తాయి. సిలికా పొడి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, ఎన్95 మాస్కు లేకుండా సంచీ విప్పొద్దు.

బనశంకరి_బట్టీ:
వారం రోజులా! మధ్యలో కరెంటు పోతే?

గాజుముక్క:
తలుపు తీయొద్దు, అంతే. కరెంటు వచ్చాక వేడి ఆ సమయానికి ఉండాల్సిన దానికన్నా దిగిపోయి ఉంటే నిదానంగా మళ్లీ 545కి ఎక్కించి, 16 గంటలూ మొదటి నుంచి లెక్కపెట్టండి. బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) ప్రకటించే కోతల తేదీలు చూసుకునే మొదలుపెట్టడం మేలు.

మూసపోత:
బయటికి తీశాక బిగువు ఉందో లేదో చూడాలంటే, ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్ల తెర పెట్టి, ముక్కను ముందుంచి, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూడండి. కళ్లద్దాలు తిప్పుతూ తెర నల్లబడే కోణం దగ్గర ఆపితే, బిగువున్న చోట గాజు వెలుగుతుంది. పాత మానిటర్ ఎస్‌.పి. రోడ్‌లో దొరుకుతుంది. చీలిన తలను మళ్లీ కరిగించేట్టయితే అంటుకున్న ప్లాస్టర్ అంతా గీకి కడగండి, లేకపోతే లోపల తెల్లమచ్చలుగా ఉండిపోతుంది.