12,000 డాలర్లలో పాత స్పోర్ట్స్ కారు: మియాటానా, బాక్‌స్టరా?

ప్రశ్న:
డల్లాస్‌లో ఉంటున్నాను. 12,000 డాలర్లకు మించి పెట్టలేను. మాన్యువల్ గేర్లు ఉండాలి, రోజూ ఆఫీసుకు కూడా ఇదే కారు. 2008 మాజ్డా మియాటా, 2001 పోర్షే బాక్‌స్టర్ రెండూ అందుబాటులో కనిపిస్తున్నాయి. పోర్షే అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. ఏది కొనమంటారు?

జవాబు 1:
మియాటా తీసుకోండి. ఆ కాలపు బాక్‌స్టర్ ఇంజన్‌లో ఐఎంఎస్ బేరింగు అని ఒకటుంది, ఇంజన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్టును పట్టి ఉంచేది. అది విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. అన్ని కార్లలోనూ విరగదు, నిజమే. కానీ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి, తెలిసినవాళ్లు క్లచ్‌తో పాటే మార్పిస్తారు. ఆ రసీదు చూపిస్తేనే బేరమాడండి. 2009 మోడల్ నుంచి కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు, అయితే ధర మీ లెక్క దాటుతుంది. మియాటాది 2.0 లీటర్ల ఇంజన్, టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు ఉండదు. బరువు తక్కువ, మలుపుల్లో తిప్పుతుంటే ఎంత హాయిగా ఉంటుందో!

జవాబు 2:
మంచు మీద ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి వచ్చిన బండి అయితే, లిఫ్టు ఎక్కించి అడుగున తుప్పు చూడండి. గుడ్డ టాపు వెనక నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోతాయి. సీట్ల వెనక తివాచీ తడిగా ఉందేమో తడిమి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
బాక్‌స్టర్ యజమాని క్లచ్ ఎప్పుడు మార్చారో తెలియదన్నారు. శనివారం మియాటా చూస్తున్నాను. నా ఎత్తు ఆరడుగుల పైనే, ఇరుకవుతుందా?

జవాబు 1:
ఆ తరం మియాటాలో స్టీరింగు పైకీ కిందికీ కదులుతుందే గానీ దగ్గరకు రాదు. టాపు మూసి కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు స్టీరింగుకు తగులుతుందేమో చూసుకోండి.