డూమ్ ఎటర్నల్: మారాడర్‌ని కంట్రోలర్‌తో ఎలా కొట్టాలి?
గాజువాక నుంచి మధురవాడ దాకా, వైజాగ్‌లో కంట్రోలర్‌తో ఆడేవాళ్ళు కాస్త చెప్పండి. 2016లో వచ్చిన డూమ్ వీడియో గేమ్‌ని సూపర్ షాట్‌గన్ ఒక్కదానితోనే చాలావరకు లాగించేయొచ్చు. దాని తరువాయి, 2020 ఎటర్నల్‌లో తూటాలు చిటికెలో అయిపోతాయి. చిన్న రాక్షసుణ్ణి రంపంతో కోస్తే మళ్ళీ నిండుతాయి, కవచం కావాలంటే నిప్పంటించి కొట్టాలి. ఇది 2016 దానికన్నా మెరుగే. చిక్కల్లా మారాడర్ అనే శత్రువుతోనే! దగ్గరికెళ్తే షాట్‌గన్‌తో పేలుస్తాడు, దూరంగా ఉంటే గొడ్డలి వేటు విసురుతాడు. మధ్య దూరంలో కళ్ళు ఆకుపచ్చగా మెరిసినప్పుడే దెబ్బ తగిలేది. అప్పుడు సూపర్ షాట్‌గన్, వెంటనే బాలిస్టా తుపాకీ, మళ్ళీ షాట్‌గన్. మౌస్, కీబోర్డుతో సులువే. కంట్రోలర్‌లో వెపన్ వీల్ (తుపాకుల చక్రం) తెరిచి ఎంచుకునేలోపు వాడు డాలు ఎత్తేస్తాడు. ముందే ఆ రెండు తుపాకులూ వరసగా పట్టుకుని, క్విక్ స్వాప్ (ఇంతకుముందు పట్టుకున్న తుపాకీకి మార్చే బటన్) తడితే సరిపోతుందా? గురి చూసే కుడి స్టిక్ మీంచి బొటనవేలు తీయకుండా ఉండాలంటే జంప్, డాష్ (చటుక్కున దూసుకెళ్ళడం) ఏ బటన్లకి పెట్టుకోవాలి?