పార్కింగ్ ఫైన్‌లో సగం మాఫీ: మేలా, అప్పీలుకి వెళ్లకుండా బెదిరింపా?

పోస్ట్ 1 (చర్చ మొదలుపెట్టినవారు)
ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వేసిన పార్కింగ్ టికెట్ 14 రోజుల్లో కడితే సగం మాఫీ. లండన్ బయట చాలాచోట్ల పెద్ద తప్పుకి 70 పౌండ్లు, అంటే 35తో వదిలిపోతుంది. నా సంగతి చూడండి. పోయిన నవంబర్లో చీకటి పడ్డాక ఒక వీధిలో కారు పెట్టాను. పర్మిట్ ఉన్నవాళ్లకే అన్న బోర్డు ఉందట. దాని మీద తీగ అల్లుకుపోయి పై లైను తప్ప ఏమీ కనపడదు. ఫొటోలు తీసి ఛాలెంజ్ చేశాను. "బోర్డు స్పష్టంగానే ఉంది" అని జవాబు, నా ఫొటోల ఊసే లేదు. మాఫీ గడువు మాత్రం ఇంకో 14 రోజులు ఇచ్చారు. ఇంకా కొట్లాడి ఓడితే 70. టెన్షన్ పడలేక కట్టేశాను. తప్పు చేయనివాడి చేత కూడా కట్టించే మాఫీ మాఫీ ఎలా అవుతుంది?

పోస్ట్ 2
మీకు జరిగింది అన్యాయమేనండీ. కానీ మా అమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. మా మలుపులో పేవ్‌మెంట్ రోడ్డుకి వాలుగా దిగే చోట, బడి వదిలే వేళకి రోజూ ఎవరో ఒకరు "రెండు నిమిషాలే" అని కారు పెడతారు. కుర్చీ వెనక్కి తిప్పి, ఇంకో వాలు దొరికేదాకా నెట్టుకెళ్లి, వచ్చే పోయే కార్ల మధ్య రోడ్డు దాటిస్తాను. ఓడినా సగమే కట్టాలంటే వీళ్లంతా ఊరికే అప్పీలుకి వెళ్తారు. నిజంగా అన్యాయమైనవాళ్ల కేసులు ఆ గుట్టలో పడతాయి. ఇదంతా కౌన్సిల్ సంపాదన కోసమే అనేవాళ్లకి ఒక మాట: 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం పార్కింగ్‌లో వచ్చే మిగులు డబ్బు ప్రధానంగా పార్కింగ్, రోడ్లు, రవాణా పనులకే వాడాలి.

పోస్ట్ 3
మొదటి పోస్ట్ రాసినవారికి: మీరు కట్టకుండా ఉండాల్సింది. కడితే కేసు అక్కడితో ముగిసినట్టే. కట్టకపోతే కారు ఎవరి పేరున ఉంటే వాళ్లకి 'నోటీస్ టు ఓనర్' వస్తుంది. 28 రోజుల్లో మళ్లీ అభ్యంతరం రాయాలి. దానికి కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వకపోతే మీరు గెలిచినట్టే. కాదంటే ట్రిబ్యునల్. ఫీజు లేదు, కౌన్సిల్‌తో సంబంధం లేని లాయర్లు తీర్పు చెప్తారు. నాది లోడింగ్ బే (సరుకు ఎక్కించి దించే చోటు) కేసు, ఫోన్‌లోనే విన్నారు. టికెట్ వేసిన వార్డెన్ తీసిన ఫొటోనే పెద్దది చేసి, టైరు పక్కన గీత చెరిగిపోయి ఉందని తీర్పు చెప్పే లాయరు గారే చెప్పారు. నాకు అంతవరకూ అది కనపడనే లేదు! అన్నట్టు, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ప్రైవేటు కంపెనీ ఇచ్చే కాగితం ఇలాగే ఉంటుంది గానీ దానికి ఈ దారి వర్తించదు.

పోస్ట్ 4 (చర్చ మొదలుపెట్టినవారు)
అమ్మగారి విషయం చదివాక మాఫీ ఎత్తేయమని నేను అనను. పోనీ, ఓడినవాళ్లకి సగం కాకపోయినా కొంత తగ్గించవచ్చు కదా? 2013లో పార్లమెంటు రవాణా కమిటీ అడిగిందీ అదే, ట్రిబ్యునల్‌లో ఓడాక వెంటనే కట్టేవాళ్లకి 25 శాతం. అలా ఉండుంటే నా లెక్క 70కి బదులు 52న్నర అయ్యేది, ఆ మాత్రానికి నేను కచ్చితంగా వెళ్లేవాణ్ణి. ఇంకొకటి: ఛాలెంజ్ కాదన్నప్పుడు మనం పంపిన ఒక్కో ఫొటోకీ జవాబు రాయాలి. నిన్న మళ్లీ ఆ వీధిలో వెళ్లాను. తీగ అలాగే ఉంది. ఎదుటి కారు అద్దం మీద టికెట్ పెట్టిన పసుప్పచ్చ కవరు.