ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి ఎయిర్ సస్పెన్షనా, కాయిల్ స్ప్రింగులా?

కొత్తబండి:
మోడల్ ఒకటే, బ్యాటరీ ఒకటే. కింది వేరియంట్‌కు కాయిల్ స్ప్రింగులు, 19 అంగుళాల చక్రాలు. పై వేరియంట్‌కు ఎయిర్ సస్పెన్షన్, 21 అంగుళాల చక్రాలు. షోరూమ్ అబ్బాయిని ఏం అడిగినా "ఎయిర్ అంటే ఎయిరే సార్" అంటున్నాడు. నా సంగతి చెబుతా. నాన్నగారికి నడుము నొప్పి, వెనక సీట్లో కూర్చుంటారు. ఊరెళ్తే ఐదుగురం, డిక్కీ నిండా సామాను. ఇంటి ర్యాంప్ నిటారుగా ఉంటుంది, ఇప్పుడున్న కారుకు కిందిభాగం గీసుకుపోతోంది. బండి కొంటే వారంటీ అయిపోయాక కూడా చాలాకాలం వాడతాను, అక్కడే టెన్షన్. ఏది తీసుకోమంటారు?

హైవే పక్షి:
కళ్లు మూసుకుని ఎయిర్ తీసుకోండి. స్పీడు పెరిగితే బండి తనంతట తానే కిందికి దిగుతుంది, గాలి అడ్డు తగ్గుతుంది, రేంజ్ పెరుగుతుంది. ఎలక్ట్రిక్‌కు అంతకంటే ఏం కావాలి?

స్ప్రింగు మేస్త్రి:
పక్షిగారూ, రేంజ్ మాట నిజమే కానీ అది హైవే మీద నిలకడగా స్పీడులో పోయేవాళ్లకు. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు తిరిగే బండికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. హైవే మీదైనా లాభం కొద్దిగానే. దానికోసం ఎయిర్ కొనక్కర్లేదు.

కొత్తబండిగారూ, సస్పెన్షన్ పనే నా పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా. స్ప్రింగు వేరు, డ్యాంపర్ వేరు. బరువు మోసేది స్ప్రింగు: కాయిల్‌లో అది ఇనుప చుట్ట, ఎయిర్‌లో గాలి నింపిన రబ్బరు సంచి. గుంత దాటాక బండి ఊగుతూ ఉండకుండా పట్టేది డ్యాంపర్, మనం షాక్ అబ్జార్బర్ అనేది. పై వేరియంట్లలో చాలాసార్లు ఎయిర్‌తో పాటు ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు కూడా వస్తాయి. టెస్ట్ డ్రైవ్‌లో మీకు తెలిసే మెత్తదనంలో చాలా వరకు డ్యాంపర్ల చలవే, పేరు మాత్రం ఎయిర్ కొట్టేస్తుంది. ఆ డ్యాంపర్లు కాయిల్ వేరియంట్‌కు ఆప్షన్‌గా దొరుకుతాయేమో ముందు అడగండి.

ఎయిర్ గొప్పంతా బరువు మారినప్పుడు కనిపిస్తుంది. కాయిల్ బండిలో ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే వెనక దిగిపోతుంది. స్ప్రింగు నొక్కుకోవడానికి చోటు తగ్గి, ఓ మాదిరి గుంతకే బంప్ స్టాప్ (చివర్లో అడ్డుకునే రబ్బరు దిమ్మ) దాకా పోయి ధబ్‌మంటుంది. ఆ దెబ్బ తగిలేది వెనక సీటుకే. ఎయిర్‌లో అయితే హైట్ సెన్సర్ చూసి గాలి ఎక్కిస్తుంది, బండి మళ్లీ మామూలు ఎత్తుకొస్తుంది. ప్రెషర్ పెరిగితే స్ప్రింగూ గట్టిపడుతుంది కాబట్టి ఒక్కరున్నా ఐదుగురున్నా ఊపు దాదాపు ఒకేలా ఉంటుంది. బీఎండబ్ల్యూ ఐ4కు ముందు కాయిల్, వెనక ఎయిర్ ఇచ్చారు. బరువు ఎక్కువగా మారేది వెనకే కదా.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మనుషులూ సామానూ కలిపి 400 కిలోలు అనుకోండి. 1200 కిలోల చిన్న కారుకు అది మూడో వంతు. 2400 కిలోల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి ఆరో వంతే. అంటే బండి ఎంత బరువైతే మీరు ఎక్కినా దిగినా కాయిల్‌కు పడే తేడా అంత తక్కువ. పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి ఎయిర్ ఉండి తీరాలనే మాట నేను ఒప్పుకోను.

నాన్నగారి నడుముకు మాత్రం 21 అంగుళాల చక్రం వద్దు. గుంత అంచును ముందు మింగాల్సింది టైరు గోడ. చక్రం పెరిగేకొద్దీ ఆ గోడ ఎత్తు తగ్గుతుంది, చక్రం బరువూ పెరుగుతుంది. ఎయిర్ తీసుకున్నా సరే, 19 వేసి ఇస్తారేమో అడగండి.

రెండో ఓనర్:
నేను ఎయిర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ నడుపుతున్నా. కంపెనీ పేరు అనవసరం. పొద్దున చూస్తే ముందు ఎడమ మూల చతికిలబడి ఉండేది. స్టార్ట్ చేయగానే గాలి కొట్టే కంప్రెసర్ బుర్రుమని లేపేది. ఇంజిన్ చప్పుడు లేని బండిలో ఆ మోత బాగా వినిపిస్తుంది. సర్వీస్ సెంటర్‌లో కంప్రెసర్ మార్చి పంపారు, కొన్నాళ్లకు అదీ పోయింది. చివరికి తేలిందేమంటే రబ్బరు బెలోస్‌లో, అంటే ఆ గాలి సంచిలో, సన్న పగులు. సంపూర్ణ సుఖం కావాలంటే కాయిలే!

స్ప్రింగు మేస్త్రి:
ఇది మామూలుగా జరిగే కథే. లీకు ఉంటే కంప్రెసర్ మాటిమాటికీ ఆడి వేడెక్కి కాలిపోతుంది. లీకు వెతకకుండా కంప్రెసర్ మారిస్తే కొత్తదానికీ అదే గతి. బండిని హై మోడ్‌లో పెట్టి బెలోస్ మడత విచ్చుకున్నాక సబ్బునీళ్లు కొట్టాలి. పగులు దగ్గర సన్నటి నురగ గీతలా లేస్తుంది. బండి కిందికి ఉన్నప్పుడు చూస్తే ఆ పగులు మడతలో దాక్కుంటుంది. ఈ రోగం పాతదే: 1957 క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌కు ఎయిర్ ఇస్తే, లీకులతో విసిగి చాలామంది కాయిల్స్‌కు మార్పించుకున్నారు. ఇప్పటి రబ్బరు చాలా మెరుగు, కానీ వయసు మీదపడితే రబ్బరు రబ్బరే.

అలాగని కాయిల్ చిరంజీవి కాదు. కింది చుట్టు దగ్గర తుప్పు పట్టి విరిగినవి చూశాను. విరిగితే స్ప్రింగు మార్చి పంపడమే, దాని చుట్టూ సెన్సర్లూ వాల్వులూ ఉండవు.

కొత్తబండి:
మరి ర్యాంప్ సంగతి? నా చిక్కు సగం అదే.

స్ప్రింగు మేస్త్రి:
కాయిల్ డెమో బండిని అడిగి మీ ఇంటికే తీసుకెళ్లండి. ఐదుగురూ ఎక్కి, డిక్కీలో బరువు పెట్టి ర్యాంప్ ఎక్కించండి. ర్యాంప్ పై అంచు దగ్గర ఒకరు దిగి బండి మధ్యభాగం కింద చూడాలి. గీసుకునేది అక్కడే, ఎలక్ట్రిక్‌లో అక్కడుండేది బ్యాటరీ పెట్టె. తగలకపోతే డ్యాంపర్ల ఆప్షన్‌తో కాయిల్ తీసుకోండి, మీ వాడకానికి నా ఓటు దానికే. తగిలితే బండిని పైకి లేపగలిగే ఎయిర్ తప్పదు, ఎక్స్‌టెండెడ్ వారంటీలో బెలోస్, కంప్రెసర్ రెండూ ఉన్నాయని కాగితం మీద చూసుకోండి.

ఎయిర్ అయితే ఇంకొకటి. టైరు విప్పించే ముందు స్క్రీన్‌లో జాక్ మోడ్ ఆన్ చేయండి. లేదంటే జాక్ మీద బండి లేస్తుంటే, ఎత్తు ఎక్కువైందనుకుని సిస్టమ్ గాలి వదిలేయొచ్చు. పంక్చర్ అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు, మీరే చెప్పండి.