న్యాట్ టెస్ట్ వచ్చాక కూడా రక్తదాతను ఇన్ని ప్రశ్నలు అడగాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
నిన్న రక్తం ఇద్దామని వెళ్లాను. పచ్చబొట్టు ఎప్పుడు వేయించుకున్నారు, మత్తు ఇంజెక్షన్లు తీసుకున్నారా, ఎవరెవరితో సంబంధాలున్నాయి అంటూ పదిమంది వింటుండగా అడిగారు. తలెత్తుకోలేకపోయాను. ఎలాగూ ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేస్తారు. వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకునే న్యాట్ టెస్ట్ కూడా వచ్చింది. ఇక మనిషి గుట్టుతో పనేమిటి? ఆ ప్రశ్నల ఫామ్ తీసేయాలంటాను.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
నలుగురిలో అడగడం ముమ్మాటికీ తప్పండి. కానీ ఫామ్ తీసేయాలంటే ఒప్పుకోలేను. వైరస్ ఒంట్లో చేరిన రోజే ఏ టెస్టూ పట్టుకోలేదు. ఆ మధ్య కాలాన్నే విండో పీరియడ్ అంటాం. హెచ్ఐవీ యాంటీబాడీలు బయటపడడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. న్యాట్‌తో అది పది రోజులకు, ఒక్కో శాంపిల్‌ను విడిగా చూస్తే ఇంకా తక్కువకు దిగింది. కానీ సున్నా కాలేదు. హెపటైటిస్ బి మరీ మొండిది. కొందరి రక్తంలో అది న్యాట్‌కి కూడా అందనంత కొద్దిగా దాక్కుని ఉంటుంది.

ఇంకో సంగతి. హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా ప్రెప్ మందులు వాడుతున్నవారికి ఒకవేళ వైరస్ సోకితే, టెస్టులో ఆలస్యంగా తేలవచ్చు. మందు వేసుకుంటున్నారని అడిగితేనే కదా తెలిసేది?

పైగా ఒక్క యూనిట్‌ను ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తాం. పొరపాటు ఒక్కటే, ప్రమాదం ముగ్గురికి. ప్లాస్మా అయితే ఫ్రీజ్ చేసి దాచి, దాతను మళ్లీ పరీక్షించాకే వాడొచ్చు. ప్లేట్‌లెట్లు నిలవుండేది కొద్దిరోజులే, అంత ఆగలేం.

మరో సభ్యుడు:
విండో పీరియడ్ సంగతి సరే. ఆ పేరుతో ఒక వర్గం మొత్తాన్ని గెంటేయడం మాటేమిటి? అమెరికాలో 1977 తర్వాత ఒక్కసారైనా మరో మగవాడితో శారీరకంగా కలిసిన పురుషుడు ఎప్పటికీ రక్తం ఇవ్వకూడదన్న నియమం 2015 దాకా నడిచింది. తర్వాత ఏడాది ఆగాలన్నారు, 2020లో మూడు నెలలన్నారు. చివరికి 2023లో ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకే ప్రశ్నలు పెట్టారు. బ్రిటన్ 2021లోనే ఆ దారికి వచ్చింది. ఏళ్ల తరబడి ఒక్కరితోనే ఉన్న మనిషిని ఆపేసి, నెలకో కొత్త సంబంధం పెట్టుకున్నవాడిని రానిస్తే రోగికి ఒరిగేదేమిటి?

ఒక తల్లి:
మా అమ్మాయికి తలసీమియా. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏడాదికి ఎంతమంది దాతలవుతారో లెక్కేసుకోండి. బ్యాగ్ తగిలించిన ప్రతిసారీ నాకు టెన్షనే. ఇచ్చినవారు ఎవరన్నది నాకు పట్టదు. వాళ్లు నిజం చెప్పారా లేదా అన్నదే నా భయం.

టిష్యూ బ్యాంకులో పనిచేసే వ్యక్తి:
రక్తదాతను కనీసం మళ్లీ పిలిచి అడగొచ్చు. మేం కార్నియాలు, ఎముకలు తీసుకునేది చనిపోయినవారి నుంచి. ఏడుస్తున్న ఇంటివాళ్లనే ఈ ప్రశ్నలన్నీ అడగాలి. నాకు ఎప్పటికీ అలవాటు కాని పని అది. అయినా మానలేను. 1985లో అమెరికాలో ఒక దాతకు హెచ్ఐవీ యాంటీబాడీ టెస్ట్ నెగటివ్ వచ్చింది. తీరా చూస్తే ఏడుగురికి సోకింది: అవయవాలు పొందిన నలుగురికీ, శుద్ధి చేయని ఎముక పెట్టించుకున్న ముగ్గురికీ. 2004లో అక్కడే మరో దాత నుంచి రేబిస్ సోకి నలుగురు చనిపోయారు. రేబిస్‌కు దాతలందరికీ మామూలుగా చేసే టెస్ట్ లేదు. గబ్బిలం గానీ కుక్క గానీ కరిచిందా అన్న ప్రశ్నే దిక్కు.

చర్చ మొదలుపెట్టినవారు:
రేబిస్ సంగతి నాకు తెలియదండి. ఫామ్ తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అందరికీ ఒకే ప్రశ్నలు ఉండాలి, తలుపు వేసిన గదిలో అడగాలి. ఈ రెండూ లేకపోతే జనం అబద్ధమే చెప్తారు. నేను కూడా నిన్న ఒకదానికి సరిగ్గా జవాబివ్వలేదు, పక్కన మా ఆఫీసువాళ్లున్నారు.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
అయితే వెంటనే వాళ్లకు ఫోన్ చేయండి. బ్యాగ్ నంబరు చెప్పి, నా రక్తం వాడొద్దనండి. కారణం చెప్పక్కర్లేదు.