పుట్టిన సంవత్సరమా, జ్ఞాపకమున్న సంవత్సరాలా: మనల్ని ఏ తరమని పిలవాలి?

ప్రశ్న

నేను 1980 డిసెంబరులో పుట్టాను, మా తమ్ముడు 1982 నవంబరులో పుట్టాడు. మా ఇద్దరికీ నిండా రెండేళ్ల తేడా లేదు. అయినా పుట్టిన సంవత్సరాన్ని బట్టి తరాలకు పేర్లు పెడుతూ ఇప్పుడు అందరూ వాడుతున్న పట్టిక ప్రకారం 1980తో ముగిసే జెనరేషన్ ఎక్స్‌లో నేను, 1981తో మొదలయ్యే మిలీనియల్స్‌లో వాడు పడుతున్నాం. ఒకే గదిలో, ఒకే టేప్ రికార్డర్ ముందు కూర్చుని పెరిగిన ఇద్దరి మధ్య ఆ గీత ఎలా పడిందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు.

1991, 92 ప్రాంతంలో మేమిద్దరం రేడియోలో మాకిష్టమైన పాట వస్తుందేమోనని ప్లే, రికార్డ్ మీటల మీద వేళ్లు ఆనించి గంటల తరబడి కాచుకుని ఉండేవాళ్లం. పాట గుర్తుపట్టి రెండు మీటలూ నొక్కేసరికి మొదటి మాట ఎగిరిపోయేది. పాటలతో వచ్చే క్యాసెట్లకు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉండవు కాబట్టి వాటిపై కొత్తగా రికార్డు కాదు. ఆ ఖాళీలో కాగితం మడిచి కుక్కితే అవుతుందని కనిపెట్టింది మా తమ్ముడే. ఈ రోజుకీ ఆ పాటలు నా మనసులో మొదటి మాట లేకుండానే మొదలవుతాయి.

నా సందేహాలు రెండు. ‘తొంభైల పిల్లలం’ అని చెప్పుకోవాలంటే తొంభైలలో పుట్టి ఉండాలా, లేక తొంభైలలో బాల్యం గడిచి ఉండాలా? 1998లో పుట్టిన సహోద్యోగి ఒకరు తానూ తొంభైల బిడ్డనేనని అన్నప్పుడు నేను అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయాను. రెండవది, మా అన్నదమ్ములిద్దరికీ కలిపి సరిపోయే పేరు ఏదైనా ఉందా?

జవాబు 1

ముందుగా ఆ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే మీ బాధ కొంత తగ్గుతుంది. అందులో జననాల లెక్క మీద గట్టిగా నిలబడిన పేరు బేబీ బూమర్స్ ఒక్కటే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో 1946 నుంచి 1964 వరకు జననాలు బాగా పెరిగాయి కాబట్టి ఆ గుంపుకు మొదలూ తుదీ లెక్కల్లోనే కనిపిస్తాయి. తక్కిన పేర్లు ఒక్కొక్కటి ఒక్కో దారిన వచ్చాయి. మిలీనియల్స్ అనే మాటను స్ట్రాస్, హోవ్ అనే ఇద్దరు రచయితలు ప్రచారంలోకి తెచ్చారు. తర్వాతి వారికి అక్షరాలు వరుసగా జెడ్ వరకు వెళ్లి అక్కడ అయిపోవడంతో గ్రీకు అక్షరాల్లో మొదటిదైన ఆల్ఫాకు మళ్లవలసి వచ్చింది.

మిలీనియల్స్‌కు 1981 నుంచి 1996 వరకు అన్న హద్దును అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2018లో ఖరారు చేసింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి 2001 సెప్టెంబరు 11 దాడులు: ఈ వర్గంలో ఎక్కువమంది అప్పటికి ఐదు నుంచి ఇరవై ఏళ్ల వయసులో ఉన్నారు, వారి తర్వాత పుట్టిన వారికి ఆ రోజు జ్ఞాపకమే ఉండదు. అంటే ఒక దేశపు జ్ఞాపకాన్ని ఆధారం చేసుకుని గీసిన గీతను ప్రపంచమంతా తనకూ అన్వయించుకుంటోంది. ఇలాంటి పేర్లకు శాస్త్రీయమైన పునాది లేదని, వాటిని వాడడం మానాలని 2021లో ఫిలిప్ కోహెన్ అనే సమాజశాస్త్రవేత్త చొరవతో వందకు పైగా పరిశోధకులు ఆ సంస్థకు బహిరంగ లేఖ రాశారు. 2023లో ఆ సంస్థ కూడా, ఒకే వయసులో ఉన్నప్పటి పాత, కొత్త సమాచారాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం సాధ్యమైనప్పుడే తరాల విశ్లేషణ చేస్తామని ప్రకటించింది. గీత గీసినవారే ఇంత జాగ్రత్తపడుతున్నప్పుడు మీరిద్దరూ దాన్ని తోబుట్టువుల మధ్య గోడగా భావించవలసిన పని లేదు.

1977 నుంచి 1983 వరకు పుట్టినవారిని జెనియల్స్ అని పిలిచేవారున్నారు. మీరిద్దరూ అందులో ఇముడుతారు.

జవాబు 2

మొదటి సందేహానికి మాత్రమే జవాబిస్తాను. మూడు, నాలుగేళ్ల లోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. ఇక నడివయసు దాటినవారిని జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. ఈ రెండూ కలిపి చూస్తే 1998లో పుట్టినవారికి తొంభైలు విన్న కథ, మీకు బతికిన కాలం. నా దృష్టిలో తొంభైల పిల్లలంటే సుమారు 1980 నుంచి 1990 వరకు పుట్టినవారు. అయితే మీ సహోద్యోగి మాటను తోసిపుచ్చకండి, అన్నయ్యలు, అక్కయ్యలు వదిలేసిన బొమ్మలతో, క్యాసెట్లతో ఆడుకున్న పిల్లలకు ఆ పాత దశాబ్దం ఇంట్లో మరికొన్నేళ్లు మిగిలే ఉంటుంది.

జవాబు 3

మన భాషలోనే ఉన్న ఒక తేడాను మనం మరిచిపోయి, దానివల్లే ఈ చిక్కులో పడుతున్నామని నాకు అనిపిస్తుంది. తరం అనేది వంశంలో మెట్టు. తాత ఒక తరం, తండ్రి ఒక తరం, బిడ్డ ఒక తరం. ఈడు అనేది వయసు. పెద్ద కుటుంబాల్లో పెదనాన్న మనవడి కంటే చిన్నవాడైన బాబాయి ఉండడం అరుదు కాదు. నాకు అలాంటి బాబాయి ఉన్నాడు, నాకంటే ఎనిమిది నెలలు చిన్న. పిలుపులో అతను నాకు తండ్రి వరస, ఆటలో మాత్రం నా ఈడువాడు. ఇద్దరం ఒకే సంవత్సరం సైకిల్ తొక్కడం నేర్చుకున్నాం, అతను పడితే నేను లేపాను. తరం ప్రకారం మా మధ్య ఒక మెట్టు ఉంది, ఈడు ప్రకారం ఏమీ లేదు.

ఎక్స్, మిలీనియల్, జెడ్ అని పిలిచేవన్నీ నిజానికి ఈడు గుంపులే. వాటిని తరాలు అని అనువదించగానే, తండ్రికీ కొడుక్కీ మధ్య ఉండేంత దూరం 1980కీ 1981కీ మధ్య ఉన్నట్టు ధ్వనిస్తుంది. ఈడుకు అలాంటి హద్దు ఉండదు. నా ఈడువాళ్లంటే నాకు అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు. నా పక్కవాడికి ఆ వలయం కొంచెం జరుగుతుంది. అలా గొలుసులా సాగుతుందే తప్ప ఎక్కడా తెగదు. జెనియల్స్ అనే పేరు నాకు రుచించకపోవడానికి కారణమూ అదే. గీత దగ్గర ఇబ్బంది పడ్డవారి కోసం కొత్త గది కట్టారు సరే, ఇప్పుడు 1976లో పుట్టిన అక్కకూ 1977లో పుట్టిన చెల్లెలికీ అదే ఇబ్బంది మొదలవుతుంది.

ఇంకొక మాట. నోస్టాల్జియా అనే పదాన్ని 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటిమీద బెంగతో మంచం పట్టేవారి జబ్బుకు పేరుగా కల్పించాడు. ఆ రోజుల్లో అది చోటు మీద బెంగ, ఇంటికి తిరిగి వెళ్తే నయమవుతుందనుకునేవారు. మనది కాలం మీద బెంగ. ఆ కాలాన్ని మనతోపాటు చూసిన మనిషి ఇంకా ఎదురుగా ఉన్నాడంటే, మనం తిరిగి వెళ్లగలిగిన ఇల్లు అతనే. మీ తమ్ముడిని మీ ఈడువాడనే పిలవండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఈడు అన్న మాట చదివిన వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. క్యాసెట్ వెనక కాగితం కుక్కిన సంగతి నీకు గుర్తుందా అని అడిగితే, కాగితం కాదు, అగ్గిపుల్ల విరిచి పెట్టామని, కాగితం నలిగి లోపల ఇరుక్కున్నాకే పుల్ల వాడామని వాడు గట్టిగా వాదించాడు. బహుశా వాడే సరైనవాడు, ఎందుకంటే టేపు చిక్కుపడినప్పుడు పెన్సిల్ దూర్చి చుట్టుకుంటూ కూర్చున్నది వాడే, నేను పక్కన నిలబడి తొందరపెట్టాను. ఆ క్యాసెట్ ఒకటి ఇంకా వాడి దగ్గరే ఉందట.